పెదనాన్న నోటితో పెద్దమ్మ నొప్పి

మా పెద్దమ్మ కారు నడపడం నేర్పేది. మా పేటలో సగం మంది స్టీరింగు పట్టుకోవడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నారు. మిగతా సగం మంది ఆవిడ శిష్యులు ఎదురొస్తే పక్కకు తప్పుకోవడం నేర్చుకున్నారు.

నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, రెండోది నేర్పేవాళ్ల కాలి కింద. ఆ రెండో బ్రేకు మీద పెద్దమ్మ కాలు ఎప్పుడు పడుతుందో ఎవరికీ తెలిసేది కాదు. పడిందంటే మాత్రం ముందున్న అద్దంలో మన ముక్కు మనకే దగ్గరగా కనపడేది. అందుకే అందరూ ఆవిడను బ్రేకు టీచరు అనేవాళ్లు. మనిషి బాగా లావు. గొంతు అంతకన్నా లావు. ఆవిడ ఎక్కి కూర్చుంటే కారు అటువైపు కొంచెం ఒరిగేది. అది చూసి ఎవరైనా నవ్వు బిగబట్టుకుంటే, "బిగబట్టకు నాయనా, నవ్వేసి గేరు మార్చు" అనేది. నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. చెల్లెలి కూతురినన్న మొహమాటం ఏ కోశానా చూపించలేదు. మొదటి రోజే నాకు క్లచ్చు మీద నిద్రపోయే మహారాణి అని బిరుదిచ్చింది.

ఆవిడకు జబ్బులంటే ఏమిటో తెలియదు. ఆ ఇంట్లో జబ్బులన్నీ మా పెదనాన్న పేరు మీదే ఉండేవి.

పెదనాన్నది కళ్లద్దాల దుకాణం. సన్నగా, నిటారుగా ఉంటాడు. నెరిసిన జుట్టు, మడత నలగని చొక్కా, ఆచితూచి మాట్లాడే నోరు. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా జనం కళ్లలోకి లైటు వేసి చూస్తాడు కాబట్టి తాను సగం డాక్టరునని ఆయన నమ్మకం. ఆ మిగతా సగమూ రోగి. తుమ్మితే ఊపిరితిత్తులు, ఆవలిస్తే మెదడు, కాలు తిమ్మిరెక్కితే నరాలు. కొందరు సినిమాకు తయారైనట్టు ఆయన డాక్టరు దగ్గరికి తయారయ్యేవాడు. ఏ డాక్టరూ ఆయన్ని ఊరికే పంపలేదు. స్కానింగులు తీశారు, రక్తం లాగారు, ఒకసారి గొంతులోంచి కెమెరా కూడా దింపారు. అన్నీ బాగున్నాయని తేలేది. ఆయన మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చేవాడు. పెద్దమ్మ గుమ్మంలోనే ఎదురై, "ఏమండీ, ఈసారి కూడా బతికేశారా?" అని అడిగేది.

అలాంటి ఇంట్లో పెద్దమ్మకు నొప్పి వచ్చింది.

మొదట దవడ లాగింది. మా మేడలో వాళ్లది మూడో అంతస్తు, మాది రెండోది. సాయంత్రం కారు పెట్టేసి మెట్లెక్కుతూ మా గుమ్మం దగ్గర ఆగి, చెంప పట్టుకుని నిలబడేది. పన్ను నొప్పి అనుకున్నాం. పళ్ల డాక్టరు నోట్లోకి తొంగిచూసి, దవడ పన్ను మీద అనుమానపడి, దాన్ని పీకి చేతిలో పెట్టాడు. పన్ను పోయింది గానీ నొప్పి పోలేదు. "అన్యాయంగా ఉరితీశారే, అది ఏ నేరమూ చేయలేదు" అని ఆవిడ ఆ పన్నును పెదనాన్నకు చూపించింది. ఆయన తన పన్ను కూడా ఒకసారి చూపించుకుంటే మంచిదేమో అన్నాడు.

తర్వాత నొప్పి వీపులోకి దిగింది. రెండు రెక్కల మధ్య ఎవరో మోకాలు ఆనించి నొక్కుతున్నట్టు ఉండేదట. మెట్లు ఎక్కితే వచ్చేది, మా ఇంట్లో కుర్చీలో కాసేపు కూర్చుంటే పోయేది. ఒళ్లంతా చల్లటి చెమట. అన్నం సయించేది కాదు. సాయంత్రానికి వానలో తడిసిన గోనెసంచిలా అయిపోతున్నాను అనేది. అయినా మరునాడు పొద్దున్నే తాళాలు ఊపుకుంటూ బయల్దేరేది.

పేట చివర క్లినిక్కుకు వెళ్లారు. పెదనాన్నకు అది అత్తారింటి లాంటిది. లోపలికి వెళ్లగానే డాక్టరు ఆయన చేయి పట్టుకుని ఆప్యాయంగా కుశలం అడిగాడు. ఈసారి రోగి తాను కాదని ఆయన చెప్పుకోవలసి వచ్చింది. అప్పుడు డాక్టరు పెద్దమ్మ వైపు తిరిగి, బరువు చూసే మిషను ఎక్కమన్నాడు. ముల్లు చూసి తల ఊపాడు. ఇక అక్కడితో ఆయన పరీక్ష అయిపోయింది. మెట్లెక్కితే ఆయాసమా? బరువు. వీపు నొప్పా? బరువు. చెమటలా? ఈ వయసులో ఆడవాళ్లకు మామూలే. తిండి సయించకపోవడమా? గ్యాసు. మరి దవడ సంగతేమిటని ఆవిడ అడిగితే, ఆయన పెదనాన్న వైపు తిరిగి ఇంట్లో ఏమన్నా గొడవలున్నాయా అని మెల్లగా అడిగాడట.

పెదనాన్న నిజాయితీపరుడు. "కొంచెం కోపం ఎక్కువండీ" అన్నాడు.

డాక్టరు అర్థమైందన్నట్టు నవ్వి, గ్యాసుకొక మాత్ర, మనసు నెమ్మదించడానికొక మాత్ర రాశాడు. చీటీ మీద ఆందోళన స్వభావం అని కూడా రాసి కింద గీత గీశాడు. ఇంటికొచ్చే దారిలో పెద్దమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. పెదనాన్నకు గుండె దడ మొదలైంది.

ఆ క్లినిక్కు గోడ మీద గుండెపోటు గురించి ఒక బొమ్మ ఉంటుంది. కోటు వేసుకున్న మగమనిషి ఒకడు ఎడమ రొమ్ము పట్టుకుని, మొహం చిట్లించి, ఎవరో పర్సు కొట్టేసినట్టు చూస్తుంటాడు. పక్కనే ఆడమనిషి బొమ్మ. ఆవిడ గ్లాసుతో నీళ్లు పట్టుకుని నవ్వుతూ ఉంటుంది. దాని కింద ప్రశాంతంగా ఉండండి అని రాసుంటుంది. నేను పెద్దమ్మతో మరోసారి మందులకు వెళ్లినప్పుడు ఆవిడ ఆ రెండు బొమ్మల్నీ చాలాసేపు చూసింది. "నాకు కోటు లేదే. కాబట్టి నాకు గుండె లేదు" అంది.

నవ్వులాటకే అంది. అయినా నాకెందుకో మనసులో పడింది. ఇంటికొచ్చి ఫోనులో వెతికాను. ఆరోగ్యం గురించి చెప్పే ఒకాయన వీడియో దొరికింది. పేరు, మీ ఆయన గుండె మీ చేతుల్లో. నూనె తగ్గించమని, ఉప్పు తగ్గించమని, ఆఫీసు నుంచి అలసి వచ్చిన భర్తతో వాదన పెట్టుకోవద్దని ఆడవాళ్లకు తీయగా చెబుతున్నాడు. పెద్దమ్మ చివరిదాకా వింది. "అంతా బాగుంది. మరి నా గుండె ఎవరి చేతుల్లో ఉంది?" అని అడిగింది. పక్కన పేపరు చదువుతున్న పెదనాన్న పేపరు దించి తన చేతులు చూసుకున్నాడు.

మనసు నెమ్మదించే మాత్ర బాగానే పనిచేసింది. ఎంత బాగా పనిచేసిందంటే, పాతమార్కెట్టు వెనక మైదానంలో ఒక లెక్కల మాస్టారికి రివర్సు నేర్పుతూ ఆవిడ నిద్రపోయింది. మాస్టారు భయస్తుడు. టీచరును లేపడం అమర్యాద అనుకున్నాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి వెనక్కి పోతూనే ఉన్నాడు. మైదానం అంతా రెండుసార్లు వెనక్కి చుట్టివచ్చాక చెత్తకుండీ అడ్డొచ్చి ఆగాడు. ఆ కుదుపుకు పెద్దమ్మ కళ్లు తెరిచి, "బాగానే చేశారు, ఇక ముందుకు చూడండి" అందట. ఆ సాయంత్రమే మాత్రలన్నీ చెత్తబుట్టలో వేసింది. ఇతరుల ప్రాణాలు తన కాలి కింద ఉన్నప్పుడు మనసు నెమ్మదిస్తే కుదరదంది.

నేను పోరుపెట్టి ఈసారి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ఆడ డాక్టరును వెతికి మరీ టోకెను తీసుకున్నాను. ఆడవాళ్ల బాధ ఆడవాళ్లకే అర్థమవుతుందని నా లెక్క. ఆ డాక్టరమ్మ మంచిదే, పాపం. బయట జనం తిరనాళ్లలా ఉన్నారు. ఆవిడ చూపు కంప్యూటరులోనే ఉంది. క్లినిక్కు చీటీలోని ఆందోళన స్వభావం అన్న మాట అప్పటికే అందులోకి ఎక్కింది. పెద్దమ్మ గంభీరంగా మొదలుపెట్టింది గానీ ఎంతసేపని గంభీరంగా ఉంటుంది? మోకాలు పెట్టి నొక్కుతున్నట్టుంది అని, ఆ మోకాలు ఎవరిదో తెలిస్తే నేనే విరగ్గొడతాను అని నవ్వింది. డాక్టరమ్మ కూడా నవ్వింది. బయటికొచ్చాక చీటీ చూశాం. వ్యాయామం, బరువు తగ్గడం, అవసరమైతే మానసిక వైద్యుడు. గుండె అన్న మాట ఆ కాగితం మీద ఎక్కడా లేదు.

ఆ తర్వాత పెద్దమ్మ మా గుమ్మం దగ్గర ఆగడం మానేసింది. మానేసిందంటే నొప్పి తగ్గి కాదు. అక్కడ ఆగితే నేను అడుగుతానని, మెట్ల మీద ఒక మలుపు ముందే ఆగి, ఊపిరి సరిచేసుకుని వచ్చేది. అది నేను చూశాను. అడిగితే గ్యాసు అంది. ఆవిడ నోటి వెంట ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

బహుశా నా మొహం చూసే ఆవిడకు ఆ ఆలోచన వచ్చిందనుకుంటాను. మరునాడు నన్ను పైకి పిలిచింది. పెదనాన్న భోజనాల బల్ల ముందు, పరీక్ష రాసే పిల్లవాడిలా కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు నిలబడి పెద్దమ్మ పాఠం చెబుతోంది. సంగతేమిటంటే, ఆవిడ నొప్పిని పెదనాన్న తన నొప్పిగా వెళ్లి చెప్పాలి. అదే ఆసుపత్రి, అవే మాటలు. ఏమంటారో చూడాలి.

పెదనాన్న మొహం వెలిగిపోయింది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆవిడ తనను జబ్బుపడమని బతిమాలడం ఇదే మొదలు. అయితే ఆయనతో చిక్కేమిటంటే ఉన్నదానికి ఇంకాస్త చేర్చందే ఊరుకోలేడు.

"దవడ లాగుతుంది. వీపులో నొక్కినట్టుంటుంది. ఎడమచేయి మొద్దుబారుతుంది..."

"నా చేతికేం కాలేదండీ," అంది పెద్దమ్మ. "నా నొప్పి నాకున్నట్టే చెప్పండి. మీ సొంత సరుకు కలపొద్దు."

"చేయి ఉంటే బాగుంటుందే."

"మీ నొప్పికి పెట్టుకోండి. ఇది నాది."

ఆయన మళ్లీ చెప్పాడు. ఆవిడ మళ్లీ ఆపింది. కారు నేర్పినట్టే నేర్పింది. తప్పు చెప్పిన చోటల్లా బల్ల మీద అరచేత్తో కొట్టి వెనక్కి తీసుకెళ్లింది. చివరకు ప్రతి మాటా నోటికి వచ్చాక ఆయనకు ఒక భయం పట్టుకుంది. పరీక్ష చేస్తే తనకు నిజంగానే ఏదన్నా బయటపడితే ఎలాగని అడిగాడు. "పడితే మీ కోరిక తీరుతుంది, పదండి" అంది.

కారు నేను నడిపాను. పెద్దమ్మ పక్కన కూర్చుంది గానీ దారిపొడుగునా నన్ను ఒక్క తిట్టూ తిట్టలేదు. ఆసుపత్రి వాకిట్లో నాలుగు మెట్లెక్కి పక్కనున్న కమ్మీ పట్టుకుని ఆగింది. పెదవులు తెల్లబడ్డాయి. నాటకం వద్దు, నేరుగా ఎమర్జెన్సీకి పోదామన్నాను. పోయి మళ్లీ గ్యాసు అనిపించుకునే ఓపిక లేదంది. టోకెను పెదనాన్న పేరు మీద తీసుకున్నాం.

ఈసారి కుర్ర డాక్టరు. మర్యాదస్తుడు. పెదనాన్న ఆయన ఎదురుగా కూర్చుని, కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని మొదలుపెట్టాడు.

"మెట్లెక్కితే దవడ లాగుతుంది డాక్టరుగారూ. వీపులో రెండు రెక్కల మధ్య ఎవరో మోకాలు ఆనించి నొక్కినట్టుంటుంది. చల్లటి చెమట పడుతుంది. కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. రోజురోజుకీ తొందరగా వస్తోంది."

డాక్టరు కలం కింద పెట్టాడు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఎన్నాళ్లుగా ఉందని అడిగాడు. నెలల సంగతి అని తెలిసి, ఇంత అశ్రద్ధ చేస్తారా అని మెత్తగా మందలించాడు. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు.

"మీరైనా చూసుకోవద్దా అమ్మా? ఆయన్ని ఆ స్థితిలో మెట్లెక్కనిస్తారా?"

పెద్దమ్మ తల వంచుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ పెదవి కొరుక్కున్నాను. ఆందోళన స్వభావమా అని ఎవరూ అడగలేదు. ఇంట్లో గొడవలా అనీ అడగలేదు. నర్సును పిలిచారు. పెదనాన్న చొక్కా విప్పి, పక్కగదిలో మంచమెక్కి, ఒంటి నిండా వైర్లతో పెళ్లికొడుకులా పడుకున్నాడు. మిషను టకటకా కాగితం కక్కింది. శుభ్రంగా ఉంది. అయినా డాక్టరు వదల్లేదు. ఒక్కోసారి ఇందులో బయటపడదని, రక్తం పరీక్షకు పంపుతానని, గుండె డాక్టరుకు చూపించాకే ఇంటికి వెళ్లాలని అన్నాడు. పెదనాన్న ఆనందం చూడాలి. అదే ఊపులో ఎడమచేయి సంగతి కూడా ఎత్తబోయాడు.

అప్పుడు పెద్దమ్మ లేచింది.

"బాబూ, ఆయన గుండె గడియారంలా కొట్టుకుంటుంది. ఆ నొప్పి నాది."

డాక్టరుకు అర్థం కాలేదు. ఆవిడ మళ్లీ చెప్పింది. ఈసారి నవ్వలేదు. గొంతు కూడా పెంచలేదు.

"ఆయన చెప్పిన ప్రతి మాటా నాదే. నెలల నుంచీ నేను చెబుతున్నాను. నేను చెబితే గ్యాసు. ఆయన చెబితే గుండె. ఇప్పుడు ఆ వైర్లు తీసి ఇటు తగిలించండి."

డాక్టరు మొహం ఎర్రబడింది. ఆసుపత్రితో పరాచికాలా అన్నాడు. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో తెలుసా అన్నాడు. ఆయన కోపమూ న్యాయమే. పెదనాన్న వైర్లతోనే లేచి కూర్చుని, తప్పంతా తనదే అన్నట్టు క్షమాపణలు చెప్పుకుంటున్నాడు. ఆ గందరగోళంలో నర్సు ఒక్కతే మామూలుగా ఉంది. పెద్దమ్మ నుదుటి మీద చెమట చూసింది. "మిషను ఆన్‌లోనే ఉంది డాక్టరుగారూ, ఈయన దిగితే చాలు" అంది. అంటూనే పెదనాన్న రొమ్ము మీది రబ్బరు బుడ్లు పటపటా పీకేసింది.

పెద్దమ్మ పడుకుంది. మిషను మళ్లీ కాగితం కక్కింది. డాక్టరు చింపి తీసుకుని చూశాడు. వెలుతురు దగ్గరికి వెళ్లి మళ్లీ చూశాడు. తిరిగొచ్చేసరికి మనిషి గొంతే మారిపోయింది.

"అమ్మా, మీరిక మంచం దిగొద్దు. కదలకండి" అన్నాడు.

అక్కడి నుంచి అంతా పరుగే. రక్తం తీశారు, నాలుక కింద ఏదో పెట్టారు, నమలమని మాత్రలిచ్చారు. చక్రాల మంచం వచ్చింది. గుండె గాయపడుతోందని రక్తంలోనూ తేలింది. మణికట్టులోంచి గొట్టం పంపి చూస్తే ఒక రక్తనాళం దాదాపు మూసుకుపోయి ఉంది. అందులో తీగతో అల్లినట్టుండే చిన్న గొట్టం పెట్టి తెరిచారు. ఇంకొన్నాళ్లు ఇలాగే గడిపి ఉంటే ఏమయ్యేదో గుండె డాక్టరు చెప్పబోతే పెదనాన్న కుర్చీ వెతుక్కున్నాడు.

లోపలికి తీసుకెళ్లే ముందు పెద్దమ్మ నన్ను వంగమంది. చేయి చల్లగా ఉంది.

"ఆ కాగితం చూసి వాడి మొహం మారింది చూడు, అప్పుడు నాకు ముందు సంతోషం వేసిందే. భయం తర్వాత వచ్చింది. ఇంతమంది ఏమీ లేదంటే, నేనే నాటకాలాడుతున్నానేమో అనుకున్నాను."

ఆవిడ తనను తాను అనుమానించుకుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

వార్డులో కుదుటపడ్డాక మొదట అడిగింది తన పన్ను గురించి. దాన్ని తిరిగి పెట్టడం కుదురుతుందా అని గుండె డాక్టరును అడిగింది. డాక్టరమ్మ తనంతట తానే చూడటానికొచ్చింది. ఆ రోజే ఈ పరీక్ష చేయించవలసింది, చేయించలేదు, నాదే పొరపాటు అంది. మీరు అంత హాయిగా నవ్వుతుంటే నొప్పి ఇంత ఉంటుందని తోచలేదు అని కూడా అంది.

"ఏడుస్తూ చెబితే టెన్షనంటారు, నవ్వుతూ చెబితే నొప్పి లేదంటారు," అంది పెద్దమ్మ. "ఏ మొహం పెట్టుకుని రావాలో బయట ఒక బొమ్మ తగిలించండి తల్లీ, చూసి అదే పెట్టుకొస్తాను."

డాక్టరమ్మ నవ్వలేదు. కంప్యూటరులో ఆందోళన స్వభావం అన్న మాట తీసేయించానని చెప్పి, ఆవిడ చేయి నొక్కి వెళ్లింది. పేట చివర క్లినిక్కు డాక్టరు మాత్రం గ్యాసు కూడా ఉండే ఉంటుందని ఇప్పటికీ అంటాడు.

ఈ కథ పేటంతా పాకింది. దాంతో పెదనాన్నకు గిరాకీ మొదలైంది. ముందు కింద వాటా కుట్టుమిషను ఆవిడ వచ్చి, తన తలనొప్పిని ఎవరూ పట్టించుకోవడం లేదని, ఒకసారి అన్నయ్యగారిని పంపుతారా అని అడిగింది. తర్వాత బడి ఆయా వచ్చింది. ఆవిడ తన పనీ, తన మాటతీరూ చూసి డాక్టర్లు మాట పూర్తిగా విననే వినరని చెప్పింది. పెదనాన్న పాత్రలో లీనమైపోయాడు. కళ్లద్దాల దుకాణంలో ఒక పక్క చూపు పరీక్ష, ఇంకో పక్క ఆడవాళ్ల నొప్పులు కంఠస్థం. చివరకు ఒక కొత్త పెళ్లికూతురు వచ్చి, సిగ్గుపడుతూ, తనకు నెలనెలా వచ్చే కడుపునొప్పి సంగతి చెప్పింది. పెదనాన్న తలుపు వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. ఇది మాత్రం నావల్ల కాదమ్మా అని పెద్దమ్మకు అప్పజెప్పాడు.

అప్పటి నుంచి పెద్దమ్మే వాళ్లతో వెళ్లడం మొదలుపెట్టింది. అక్కడ ఆవిడేమీ మాట్లాడదు. పక్క కుర్చీలో నిండుగా కూర్చుని, డాక్టరు మాట మధ్యలో తుంచినప్పుడల్లా, "ఆ పిల్ల ఇంకా చెప్పడం పూర్తి చేయలేదండీ" అంటుంది. అంతే. చాలాచోట్ల పనిచేసింది. ఒకచోట బయటికి పొమ్మన్నారు. పోయి తలుపు దగ్గర కూర్చుంది.

ఇదంతా చెప్పి ఆవిడను దేవతను చేసే ఉద్దేశం నాకు లేదు. ఎందుకంటే ఆ మరుసటి ఏడు పెదనాన్నకు కడుపునొప్పి వచ్చింది.

బొడ్డు చుట్టూ మొదలైందన్నాడు. పెద్దమ్మ కారు తుడుచుకుంటూ, రాత్రి తిన్నది అరగలేదంది. మధ్యాహ్నానికి కుడివైపు కిందికి దిగిందన్నాడు. గ్యాసు అంది. ఆయన దుకాణానికి వెళ్లి మళ్లీ వచ్చేశాడు. రోజూ పదిసార్లు చెప్పుకునే మనిషి, ఆ పూట మరి చెప్పలేదు. సోఫాలో మోకాళ్లు ముడుచుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను పైకి వెళ్లి అలా చూసి, పెద్దమ్మను పిలిచాను. పెదనాన్న నోరు మూసుకుని ఉండటం ఆవిడకు కూడా కొత్త. వచ్చి కడుపు మీద చేయి వేసింది. ఆయన కేక పెట్టాడు.

ఆ రోజు కారు ఆవిడే నడిపింది. ఆవిడ సిగ్నలు దాటేయడం నేను అదొక్కసారే చూశాను. అపెండిక్సు. పగలడానికి సిద్ధంగా ఉందని, ఇంకొంచెం ఆలస్యమైతే చిక్కయ్యేదని ఆపరేషను చేసిన డాక్టరు చెప్పాడు. పెద్దమ్మ బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"గ్యాసన్నానే," అంది. "అచ్చం వాళ్లలాగే అన్నాను. మొహం కూడా చూడలేదు, కారు తుడుచుకుంటున్నాను."

ఆయన ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటాడు కదా అన్నాను. ఆవిడ నా వైపు చూసింది. నేనెప్పుడూ నవ్వుతూనే ఉంటాను కదా అంది.

మరునాడు పెదనాన్న కళ్లు తెరిచి దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. నర్సు వచ్చి నొప్పి ఎలా ఉందని అడిగితే, ఫరవాలేదమ్మా, పెద్దగా లేదు అన్నాడు. జీవితంలో మొదటిసారి నిజమైన జబ్బు చేసి, దాని గురించి మాట్లాడటానికే మొహమాటపడుతున్నాడు. పెద్దమ్మ కుర్చీ మంచం పక్కకు జరుపుకుంది. ఫోను సైలెంటులో పెట్టింది. ఆ పూటకు రావలసిన శిష్యులందరికీ సెలవని నాచేత చెప్పించింది.

"ఎక్కడెక్కడ నొప్పో మొదట్నుంచీ చెప్పండి. నేను వింటాను."

ఆయన అనుమానంగా చూశాడు. వెక్కిరింత ఏమీ కనపడకపోయేసరికి గొంతు సవరించుకున్నాడు. కుట్ల దగ్గర మొదలుపెట్టాడు. అక్కడి నుంచి నడుముకూ, నడుము నుంచి పాత మెడనొప్పికీ, దాని నుంచి నేను పుట్టకముందెప్పుడో వచ్చిన జ్వరానికీ వెళ్లాడు. మధ్యాహ్నం భోజనం వచ్చింది, చల్లారింది. ఆయన ఎడమచేయి దగ్గరికి వచ్చేసరికి పెద్దమ్మ పెదవి ఒకసారి వణికింది. కిటికీ వైపు తిరిగి సర్దుకుని, మళ్లీ ఆయన వైపు తిరిగి, "ఊఁ, చేయి?" అంది.